మచ్చ

సోహార్‌లో జూన్ వచ్చిందంటే
పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా
ఎండలో పని చేయించకూడదని చట్టం.
పైపులు ముట్టుకుంటే చర్మం అక్కడే ఉండిపోతుంది.
అందరూ క్యాంపుకొచ్చి ఏసీ కింద ఒరుగుతారు,
నేను మేడెక్కుతాను
సూర్యుణ్ని ఫొటో తీయడానికి.

"పొద్దంత ఎండల మాడుతిమి,
దొరికిన మూడు గంటలు గూడ దానికే ఇస్తవా?"
అంటాడు లస్మయ్య.
నా దగ్గర జవాబు లేదు.
రొమెల్ మనీలా వెళ్తూ పదిహేను రియాళ్ళకు
అమ్మిపోయిన టెలిస్కోపు ఉంది.
మూతికి బిగించే వెండి ఫిల్టరు ఉంది,
చిల్లు పడిందేమోనని రోజూ బల్బుకు పెట్టి చూస్తాను.
నెత్తిన తడి తువ్వాల.
పది నిమిషాలకే ఫోను కాగిపోయి కళ్ళు మూస్తుంది.
ఆలోపే పట్టాలి.

ఫిల్టరు వెనక నుంచి చూస్తే
మమ్మల్ని ఇంతగా కాల్చేది
పెనం దించిన జొన్నరొట్టె,
అంచుల దగ్గర కొంచెం మసక.
సెగ లేదు. చప్పుడు లేదు.

గురువారం తీసినదాంట్లో రొట్టె మీద మాడు మచ్చ.
"మన భూమి అట్లాంటివి నాలుగైదు పడతాయి అందులో"
అన్నాను.
ఎనిమిది మందీ మంచాలు దిగొచ్చారు.
లస్మయ్య అప్పటికప్పుడే బిడ్డకు పంపాడు.
సహస్ర మర్నాడు బళ్ళో చూపించిందట,
టీచరు బోర్డు మీద గీసిందట.

శనివారం మళ్ళీ తీశాను.
సూర్యుడు తిరుగుతాడు కదా,
ఈపాటికి మచ్చ గోరంతైనా జరగాలి.
జరగలేదు.
కంటి దగ్గరి అద్దాన్ని మెల్లగా తిప్పాను.
సూర్యుడు అక్కడే ఉన్నాడు,
మచ్చ అద్దంతోపాటు తిరిగింది.

దూదితో తుడిస్తే
దూది మీద ఒక ఇసుక రేణువు.

మూడు రోజులు చెప్పలేదు.
నాలుగో రోజు చెబితే లస్మయ్య నవ్వలేదు, తిట్టలేదు,
ఫోను తీసుకుని వరండాలోకి పోయాడు.
"అది సూర్యునిది గాదు బిడ్డా,
గిక్కడి ఇసుక. మామకు ఎరుకలేక అన్నడు."
అవతల కాసేపు ఏమీ వినబడలేదు.
తర్వాత పిల్ల గొంతు, స్పీకర్‌లో:
"అయితే అది పంపు నానా."

చెప్పుల్లో ఇసుక, అన్నంలో ఇసుక,
దిండు దులిపితే ఇసుక.
"గుప్పెడు పంపరాదే" అన్నాను.
"అదే కావాల్నంట" అన్నాడు.

ఇప్పుడు మేడ మీద ఇద్దరం,
తడి తువ్వాలలు కప్పుకుని, వంగి,
నేను పారేసిన ఆ దూది కోసం వెతుకుతున్నాం.
మూడున్నర కావస్తోంది.
సూర్యుణ్ని ఇవాళ ఎవరూ చూడలేదు.