ఐదూ ఇరవై

తైస్తో చొక్కా విప్పి కూర్చున్నాడు.
మూడు రోజులు మోసిన రెండు బిళ్లల్ని
ఛాతీ మీంచి నేనే ఊడదీశాను.
జిగురుతో పాటు నాలుగు నెరిసిన వెంట్రుకలు.
"ఏం దొరికిందో చూడు" అన్నాడు,
బానెట్ ఎత్తి మెకానిక్‌కి అప్పజెప్పినవాడిలా.

కెమి పట్టణంలో రాత్రిళ్లు మంచు నాగలి తోలేది ఇతనే.
సముద్రం గడ్డకట్టి కాలిబాటయ్యే ఈ ఊళ్లో
తెల్లారేసరికి బడి ముందు రోడ్డు రోడ్డులా కనిపిస్తే
అది తైస్తో చేతి పని.

ఇరవై ఏళ్లుగా అందరికీ చెబుతున్నదే
అతనికీ చెప్పాను. ఎవరూ నమ్మరు:
గుండె గడియారం కాదు.
దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ
ఒకసారి ఎనిమిది వందల పన్నెండు మిల్లీసెకన్లు,
తర్వాత ఎనిమిది వందల డెబ్బై,
తర్వాత ఏడు వందల తొంభై.
ఊపిరి లోపలికొస్తుంటే తొందరపడుతుంది,
బయటికెళుతుంటే నెమ్మదిస్తుంది.
తాళం కాస్త తప్పుతుంటేనే మనిషి కులాసాగా ఉన్నట్టు.
ఆరు వందల నలభై, నలభై ఒకటి, నలభై...
ఇలా నడిచిందా, నేను కళ్లద్దాలు సర్దుకుంటాను.
గుండె రాయి చేసుకున్నవాళ్ల కాగితాలు
నా బీరువాలో చాలా ఉన్నాయి.

తెర మీద ఎరుపంటే ఒత్తిడి, పచ్చంటే తేరుకోవడం.
రెండో రాత్రి తుఫాను.
అద్దం అవతల ఏమీ కనపడని తెల్లదనంలో
మూడింటి నించి ఆరు దాకా
పన్నెండు టన్నుల బండి తోలాడు.
అంతా పచ్చ.
తేదీ రెండుసార్లు సరిచూశాను.
ఆవిరిగదిలో ఎరుపు, అది వేడికి, లెక్కలోకి రాదు.
నిద్రలో ఎరుపు.
ఎనిమిదింటికే పడుకున్నా
పదకొండు దాటితే గానీ పచ్చ మొలకెత్తలేదు.
దీనికి మొదలెక్కడా అని వెనక్కి జరిపితే
సాయంత్రం ఐదూ ఇరవై.
మూడు రోజులూ ఐదూ ఇరవై.

డైరీ తెరిచాను. పెన్సిలు రాత.
మూడూ పది: మంచు.
ఆరున్నర: కాఫీ, బన్ను.
ఐదూ ఇరవై: ఏమీ లేదు.
మర్నాడు: ఏమీ లేదు.
ఆ మర్నాడు అసలు రాయలేదు,
పెన్సిలు ముల్లు గుచ్చిన చుక్క మాత్రం ఉంది.

"ఐదూ ఇరవైకి ఏంటి?"
ఇక్కడి మగవాళ్లని రెండోసారి అడగకూడదు.
కిటికీ బయట ఎవరో మెట్ల మీద ఇసుక చల్లుతున్నాడు.
మెట్లన్నీ అయిపోయాయి.

"ఫోన్ చేస్తాను" అన్నాడు.
పోయినేడు మేస్త్రీని చేశారట.
ఆ వెంటనే ఒక బండి తగ్గించారట.
కుర్రాళ్లు ఇద్దరు, ఎస్కో, రైనె. మిగిలిన బండి ఒకటి.
ఈ రాత్రి ఎవరు రానక్కర్లేదో
రోజూ తనే చెప్పాలి.
"నలభై సెకన్లు. సరే అంటారు. పెట్టేస్తారు."
కాసేపాగి,
"సరే అనకపోయినా బాగుండేది."

నలభై సెకన్లు.
ఆరు గంటలకు కాస్త తక్కువ ఎరుపు.

నిమిషానికి ఆరు ఊపిర్లు నేర్పాను.
ఐదు లెక్కపెడుతూ తీసుకో, ఐదు లెక్కపెడుతూ వదులు.
"నాగటి రెక్క ఎత్తడం, దించడం" అని
తనే పోలిక కట్టుకున్నాడు.
ఊపిరి ఎంత బాగా పీల్చినా ఇంకో బండి రాదు.
ఆ మాట నేనూ అనలేదు, అతనూ అనలేదు.

మార్చిలో మళ్లీ వచ్చాడు.
ఐదూ ఇరవై లేదు. నాలుగున్నర ఉంది. ఎరుపే.
"ఫోన్ మానేశాను. ఇద్దర్నీ డిపోకి రమ్మంటున్నాను.
క్యాలెండరు ముందు పెట్టి మొహం చూసి చెప్తాను.
నిన్న రైనె తిట్టాడు."
ఇది చెబుతూ దాదాపు నవ్వాడు.
ఎరుపు ఏడింటికి ఆగింది.
తర్వాత చిన్న చిన్న పచ్చ ముక్కలు, ఎగుడుదిగుడుగా.

అతను వెళ్లాక పెట్టెలో రెండు బిళ్లలు మిగిలితే
ఆ వారం నేనే అంటించుకున్నాను.
నా కాగితం ఎవరికీ చూపించను, అందంగా లేదు.
మంగళవారం పదకొండు దగ్గర మాత్రం
పొడుగాటి పచ్చ చార.
డైరీలో దాని పక్కన నేనూ అదే రాశాను: ఏమీ లేదు.
రావలసినవాళ్లెవరో రాలేదు, అంతే.