ఎర్రాకు

పరకాల బస్టాండుకు ఎదురుగ
మా పురుగుమందుల దుకాణం.
ఓదేలు కౌంటరు మీద పత్తాకు పెట్టిండు
అంచులకెల్లి ఎర్రబడ్డది, ఈనె మాత్రం పచ్చగనే ఉంది.

"ఏం రోగం సేటూ?"

నాకు తెల్వదు.
ఆ మాట నాలుక దాక వచ్చింది గని
వెనుక ఇంకో నలుగురు నిలబడి చూస్తున్నరు.
"పురుగు" అన్న.
నీలం డబ్బా దించిన.
కార్బన్ కాయితం పెట్టి గట్టిగ ఒత్తి రాసిన రశీదు,
నా అబద్ధం రెండో కాపీల గూడ పడేటట్టు.

ఓదేలు కొట్టిండని సారక్క కొట్టింది.
సారక్కను చూసి వాగవతలి చెల్కలోళ్ళు.
పదిహేను రోజుల్ల ఊరంత ఒకటే వాసన.
ఎవ్వలూ ఎవ్వలనూ అడుగలేదు
పక్క చేను తడిసిందా లేదా,
అదే చదువు.

కార్తీకంల వ్యవసాయాఫీసు పిల్ల
మన్ను పరీక్ష కాయితం పట్టుకొచ్చింది.
పురుగు లేదట.
భూమిల మెగ్నీషియం తక్కువట.
అది మా దుకాణంలనే ఉంది,
కింది అరల, ఎలుకలు కొరికిన తెల్ల సంచిల.
దాని మీద కూసొనే నేను రోజూ సద్ది తిన్న.

ఓదేలు కొట్లాడలేదు.
కొట్లాడితే బాగుండు.
"చదువుకున్నోనివి గదా" అన్నడు
అప్పు చిట్టీ మడిచి జేబుల పెట్టుకుంట.

అప్పటిసంది ఎవలన్న ఆకు తెస్తే
"నాకు తెల్వదు, ఆఫీసుల చూపియ్యి" అంటున్న.
వాళ్ళు నా దిక్కు జాలిగ చూసి
రోడ్డు దాటుతున్నరు.

అవతలి దుకాణపాయనకు
ఆకు చూడకముందే అన్నీ తెలుసు.