తొక్కాలె గద

పోచమ్మ మైదాన్ కాడ ఆపిండ్రు.
సప్పుడు లేకుండ వస్తున్నదని
మొదటి అనుమానం.

'బండి నంబరెంత?'
సైకిల్ సారూ, అన్న.
'సైకిలైతే తొక్కాలె గద?'
తొక్కి చూపిచ్చిన.
క్యారేజీ మీద నాలుగు జంపఖానాలు
కొత్తవాడ నుంచి ఊగుకుంట వచ్చినయి,
ఆడ గూడ జర ఊగినయి.

'మరి గీ డబ్బా?'
పాత లాప్‌టాపుల కడుపులు కోసి
మంచియి ఏరితే అరవై ఐదు సెల్లులు తేలినయి.
అతికిచ్చింది నా బిడ్డ సుహాసిని,
పాలిటెక్నిక్ రెండో ఏడు.
పైన స్టీలు గిన్నె మూత, వానకు.

ఫోటో కొట్టిండు.
ఆయన చేతిల ఫోను నంబరడిగింది.
బైకా, ఆటోనా, ట్రాలీనా అనడిగింది.
అండ్ల నా బండి లేదు.
నా మగ్గానికి నంబరుంది సారూ,
ఆఫీసోళ్లే వచ్చి బిళ్ల కొట్టిపోయిండ్రు,
అది ఎక్కియ్యండి అన్న.
నవ్విండ్రనుకున్న. నవ్వలే.

జీపుల నుంచి ఎస్సై దిగకుండనే తేల్చిండు:
'సైకిల్ ఆయనది. బ్యాటరీ స్టేషన్‌ది.'
రసీదడిగితే
నా దిక్కు కాదు, గిన్నె మూత దిక్కు చూసిండు.

కరెంటు లేని మోటరు
చక్రంల కూసున్న మొండి చుట్టం.
హన్మకొండ చౌరస్తా దాక దాన్నీ మోసిన.
ముప్పై మూడేండ్లు గుంతల కాళ్లు పెట్టి
మగ్గం చెక్కలు తొక్కినోన్ని,
కుడి మోకాలు ఎప్పుడో లెక్క సెటిల్ చేసుకున్నది.
తొక్కుడు తప్పాలనే గదా
గిదంత.
తొక్కాలె గద, అంటడు.

నాలుగొద్దులకు మట్టెవాడ ఠాణాకు పోయిన.
బీరువా మీద ఉన్నది డబ్బా,
హెల్మెట్ల నడుమ.
సుహాసిని పెట్టిన చిన్న సందుల నుంచి
తెల్ల వైరొకటి కిందికి దిగింది.
వైరు చివర
హోంగార్డు కొమ్రెల్లి ఫోను.
రాత్రి గాలిదుమారానికి కరెంటు పోయిందట,
నీదే అక్కెరకొచ్చింది కాకా, అన్నడు,
సిగ్గుపడకుంట, మెచ్చుకున్నట్టే.

కోపం రావాలె. వచ్చింది గూడ.
కానీ నోట్లకెళ్లి వెళ్లింది వేరే:
మొత్తం గుంజకు బిడ్డా,
రెండు గీతలకంటే కిందికి పోతే
సెల్లులు మళ్ల లేవవు.

వైరు పీకిండు.
ఎంతయితది ఇసొంటిది, అనడిగిండు మెల్లగ,
లోపలి గది దిక్కు చూసుకుంట.
చెప్పిన.

రేపు రా, సారుంటడు, అన్నడు.

బయట సైకిల్ సీటు
ఎండకు కాలిపోతున్నది.