మబ్బు లెక్క

పలమనేరు దాటి, అడివి వారన
మొగిలమ్మ పాడి కొట్టం.
ఏనుగులు దిగిన రాత్రి లైను ఆపేస్తారు.
అందుకే నన్ను పిలిపించింది.

మిద్దె మీద పలకలెన్నో చెప్పడం సులువే.
రాత్రిని ఎంత పెట్టెలో పట్టాలన్నదే కష్టం.
గోతం పరుచుకుని కూర్చున్నా,
పాలబిల్లు వెనక
వాట్లను గంటలతో గుణించుకుంటూ.

"పొద్దు కుంకినాక ఏమేం నడవాలమ్మా?"

"మబ్బున్నే నాలుగింటికి పాల మిషను."
ముప్పావు గంట. ఐదొందల అరవై.
"ఫ్యాన్లు రెండు. సీమావులు, ఉక్కకి తట్టుకోవు."
తొమ్మిదొందల అరవై.
బల్బులు నాలుగు, నూట ఎనభై.
ఫ్రిజ్జుకి ఆరొందలు,
ఆమె ఇన్సులినూ ఆవుల సూదిమందూ అందులో ఒకే అరలో.
"టీవీ?"
"చెడిపోయి రెండేండ్లు. రాయొద్దు."

ఒక్క రాత్రికి రెండు వేల మూడొందలు.

"ఇది తెల్లారుజాము మబ్బు లెక్క," అన్నా,
"ఆకాశంలో మబ్బుది వేరే.
కార్తీకంలో తుపాను పడితే
మూడు దినాలు ఎండ మొగం చూపదు.
మూడింతలు కట్టాల."
ఆరు వేల తొమ్మిదొందలు.
పెట్టెలో పట్టేది నాలుగు వేల ఎనిమిదొందలు.
"రెండు పెట్టెలు కావాలమ్మా."

ఆమె రేటు అడగలేదు.
ఆవుల వైపు చూసింది.
"తుపానులో ఫ్యాన్లు ఎవురికి నాయనా?
ఆ పొద్దు గోతాలు కప్పాల. వణికి సస్తాయి."

పెన్ను ఆగింది.
ఆరేండ్లుగా ఇండ్లకు లెక్కలు కడుతున్నా
వాన రాత్రికీ ఎండాకాలపు రాత్రికీ
ఒకే అంకె వేస్తూ.

ఫ్యాన్లు కొట్టేశా.
పదమూడొందల నలభై.
మూడు రాత్రులకూ నాలుగు వేల ఇరవై.

"ఒక పెట్టె చాలు. కానీ అడుగంటా తోడకూడదు,
నూటికి పదిహేను అట్నే వదలాల,
లేకుంటే పెట్టె తొందరగా ముసలిదైపోతుంది."
నవ్వింది.
"ఒక చన్ను దూడకి ఇడిసినట్ట.
అదీ నువ్వే నేర్పాల్నా నాకు?"

దూడ వాటా తీస్తే నాలుగు వేల ఎనభై.
అందులో నాలుగు వేల ఇరవై పోను
అరవై.

ఏ మూలకని చెరిపెయ్యబోయా.
"ఉండు. అది దేనికొస్తాది?"
"చిన్న బల్బు ఒకటి. ఆరు గంటల పైన."

చివరి గుంజ దగ్గర
నల్లమచ్చల పెయ్య నెమరేస్తోంది.
తొలిచూలు. కార్తీకంలో ఈనాల.
మొగిలమ్మ దాని పొట్ట మీద చెయ్యేసి
కాసేపు ఏమీ అనలేదు.

"ఆరు గంటలు," అంది.
"రాసుకో."