సగం చిప్ప

మా నాన్న యూఫ్రోనియో పడవలు చేసినవాడు కాదు,
పడవల్ని తవ్వినవాడు.
బుతువాన్ బురదలో, రోజుకూలికి,
పలుగుతో కాదు, వెదురు బద్దతో,
పంటి సందున ఇరుక్కున్న పీచు తీసినంత మెల్లగా.

ఒక మధ్యాహ్నం బద్ద కొసకి ఏదో తగిలింది.
బంగారం కాదు. పింగాణీ కాదు.
నల్లబడ్డ సగం చిప్ప, పక్కన నాలుగు చేపముళ్ళు.
గొడుగు కింది కళ్ళజోళ్ళన్నీ పరుగున వచ్చి
కొలిచి, నంబరు వేసి, మళ్ళీ కొలిచి
ఊపిరి బిగబట్టి నిలబడితే
మా నాన్నకి నవ్వు ఆగలేదట.
"అయ్యా, ఇలాంటిదే పొద్దున మా ఆవిడ
పెరట్లోకి విసిరేసింది."

వెయ్యేళ్ళ నాటిది అన్నారు వాళ్ళు.
ఇంటికొచ్చి చెబితే
అమ్మ చీపురు ఆపకుండానే అంది:
"అయితే వెయ్యేళ్ళుగా అక్కడ ఎవరూ ఊడ్చలేదన్నమాట."

తబోన్-తబోన్ కాయ తినడానికి పనికిరాదు.
రెండుగా నరికి, గుజ్జు గీరి,
కొబ్బరికల్లు పులిసిన సిర్కాలో పిసికి గుడ్డలో పిండితే
పాలలాంటి నీళ్ళు.
నాలుకకి సున్నం కొట్టినంత వగరు.
ఆ వగరే నీచుని అణుస్తుంది, కడుపుని కాస్తుంది.

అగుసాన్ మొగలో పడవ మోటారు వినబడగానే
అమ్మ అల్లం తరగడం మొదలుపెట్టేది.
వంజరం ముక్క వేలికణుపంత.
మొదటి సిర్కా కడిగి పారబోయడానికి,
రెండోది ఉండిపోవడానికి.
ఉల్లి, ఉప్పు, గిల్లితే కళ్ళు మండే చిట్టి మిరప.
అద్దంలాంటి కండ
అంచుల నుంచి తెల్లబడుతూ వస్తుంది, తెల్లవారే కిటికీలా.
నడిమధ్య ఇంకా సముద్రం ఉండగానే తినాలి.
పూర్తిగా తెల్లబడిందా,
అది వంట కాదు, ఆలస్యం.

మనిషి నిప్పు కనిపెట్టాకే మనిషయ్యాడని
బడిలో మాస్టారు చెప్పిన రోజు
ఇంటికొచ్చి గిన్నెకేసి అనుమానంగా చూశాను.
పచ్చిదాన్ని మేం 'హిలావ్' అంటాం.
ఈ వంట పేరు 'కినిలావ్'.
'కిలావ్' అనే మాట పొట్ట చీల్చి
లోపల చిన్న సద్దు ఒకటి కూరితే
'చేయబడినది' అవుతుంది.
చేపకి పెట్టిన గాటే మాటకీ పెట్టారు మావాళ్ళు.
ఎక్కడా పొయ్యి ఊసు లేదు.

ఆ చిప్ప దొరికిన రాత్రి నాన్న మాట్లాడకుండా తిన్నాడు.
గిన్నె అడుగున మిగిలిన పులుపుని
ఎత్తి తాగాడు.
తర్వాత అమ్మ పారేయబోతున్న చిప్పని
చేతిలోంచి తీసుకుని
దీపం దగ్గర తిప్పి తిప్పి చూసి
కాలవ దాకా నడిచి
బురద బాగా మెత్తగా ఉన్న చోటు చూసి విసిరాడు.

"ఇదేం పని?" అంది అమ్మ.

"ఎప్పటికో ఒకడు తవ్వుతాడు కదా," అన్నాడు,
"వాడికీ ఒకరోజు కూలి."