పడమటి సముద్రం

పోర్టు వేబ్రిడ్జి మీద నా ఉద్యోగం.
ఖాళీ లారీ ఎంత, నిండిన లారీ ఎంత,
తేడా రాసి చీటీ చింపి ఇస్తాను.
పంతొమ్మిదేళ్ళుగా
ఎవరి మాటా నమ్మి బరువు రాయలేదు.

అయినా అతను రాత్రి తొమ్మిదింటికి
"తిన్నావా?" అని అడిగితే
ముల్లు కదిలింది.

పేరు కెప్టెన్ నిశాంత్ వర్ధన్.
తెల్ల యూనిఫాం, భుజాల మీద నాలుగు బంగారు పట్టీలు,
భార్య పోయిందట, ఎనిమిదేళ్ళ కూతురట.
మూడో రోజుకే నన్ను "నా రేవు" అన్నాడు.
వీడియో కాల్ అంటే
నడిసముద్రంలో సిగ్నల్ లేదనేవాడు.
మాటల్ని మోసే సిగ్నల్ ముఖాన్ని ఎందుకు మోయదో
అడగాలనుకుంటూనే దీపం ఆర్పేదాన్ని.

ఆరువేలు పంపాను ఒకసారి. కూతురికి జ్వరమంటే.

ఒక సాయంత్రం రాశాడు:
"ఓడ మీ ఊరొచ్చింది. లంగరేసి ఉన్నాం.
సూర్యుడు సముద్రంలో మునుగుతున్నాడు,
నువ్వు పక్కనుంటే బావుణ్ణు."

కిటికీలోంచి చూశాను.
మా సూర్యుడు సింహాచలం కొండల వెనక్కి పోతున్నాడు,
రోజూ పోయినట్టే.
జాలారిపేట పసిపిల్లకైనా తెలుసు
సముద్రం పొద్దుపొడుపుకి, కొండ పొద్దుగూకడానికి.

తెలిసింది. తెలిసీ
నాలుగు రాత్రులు "తిన్నాను" అనే జవాబిచ్చాను.
దొంగకాటా అని తెలిశాక కూడా
దాని మీంచి దిగబుద్ధి కాకపోవడం
మీకెప్పుడూ జరగలేదా?

ఐదో రోజు బహుమతి వచ్చింది.
అంటే రాలేదు. కస్టమ్స్‌లో ఆగిందట,
నలభై ఎనిమిది వేలు కడితే వదులుతారట,
సాయంత్రంలోగా, ఎవరికీ చెప్పకుండా,
ఏదో సెల్ షాపు పేరున్న ఖాతాకి.

కస్టమ్స్ హౌస్ నాకు పది నిమిషాల నడక.
టిఫిన్ డబ్బాతోనే వెళ్ళాను.
అప్పలసూరి గారు కళ్ళజోడు మీదుగా చూసి
"ఏటమ్మా రత్నాలూ, నువ్వు కూడానా?
నీళ్ళల్లో గేదెకి బేరమాడేసినావేటి?
ఫోన్లో సుంకం అడిగినోడు మా ఆఫీసోడు కాడు" అన్నాడు.
నవ్వలేదు. బల్ల వైపు చూపించాడు.

బల్ల మీద ఒకావిడ. గాజువాకలో లెక్కల టీచరట.
ఆవిడ ఫోన్లో అదే తెల్ల యూనిఫాం,
అవే నాలుగు పట్టీలు, అదే కూతురు.
పేరు మాత్రం వేరు.
"తొమ్మిదింటికేనా?" అన్నాను.
"తొమ్మిదింబావుకి" అంది.
వరసలో నిలబెట్టి అడిగాడన్నమాట,
తిన్నామా అని.

నవ్వామో ఏడ్చామో గానీ
పంతొమ్మిది ముప్ఫైకి ఫోన్ చేసేటప్పుడు
ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది.
నావి ఆరువేలు. ఆవిడవి రెండు లక్షల పదివేలు.
దొరుకుతాయో లేదో చెప్పలేమన్నారు.

మురీ మిక్స్చర్ కొనుక్కుని
బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చున్నాం.
ఎండ వెనకనుంచి వీపుల మీద పడింది,
మా నీడలు నీళ్ళ వైపు సాగాయి.
ఇక్కడ సముద్రానికే ముందు చీకటి పడుతుంది.
దూరంగా నిజం ఓడలు దీపాలు వెలిగించుకున్నాయి,
ఒక్కటీ మమ్మల్ని ఏమీ అడగలేదు.

సంచిలో నా ఫోను ఒకసారి వణికింది.
ఆవిడ వాచీ చూసుకుని
"నాకింకా పావుగంట ఉందండి" అంది.