చెక్క గరిటె

మా ఊళ్ళో ఎండ అప్పుగా వస్తుంది.
జూన్‌లో ఇచ్చి ఆగస్టు చివర్లో వడ్డీతో సహా లాక్కుపోతారు.
ఆ కాస్త ఎండని నమ్ముకుని
పైకప్పు ముడుచుకునే కారు కొన్నాను.
ఇరవై ఏడేళ్ళది. నెత్తిన నల్ల గుడ్డ.
మా ఆవిడకి చెప్పకుండా కొన్నాను,
వీధి మలుపులోనే కారు చెప్పేసింది.

ఎడమ చెవి వెనక కిర్రు,
కుడి మోకాలి దగ్గర టక టక,
రేవు వైపు రాళ్ళు పరిచిన దారి ఎక్కితే
అంట్ల గంప మెట్లమీంచి దొర్లినట్టు.
రేడియో పెంచాను.
దాని మూత కూడా వంత పాడింది.

"ఈర్మెలిని పిలు" అన్నాడు పెట్రోలు బంకు తాయిస్తో.
"ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు ఇలాంటి కప్పులే బిగించింది."

వచ్చింది. డెబ్బై దాటింది. రబ్బరు బూట్లు.
ఒక చేతిలో పౌడరు డబ్బా,
ఇంకో చేతిలో పొడుగాటి చెక్క గరిటె.
"పులుసు కాస్తారా?" అన్నాను.
నవ్వలేదు. జోకు బాగోలేదనుకున్నాను.

ముందు బండి జేబులన్నీ బోర్లించమంది.
తలుపు సంచిలో యూరో రాకముందటి నాణెం,
సీటు కింద ఏ పిల్లదో జడపిన్ను, సగం పెన్సిలు,
డిక్కీలో పట్టు వదిలిన జాకీ.
"సగం దయ్యాలు ఇవే" అంది,
నాణెం మాత్రం తన జేబులో వేసుకుంది.

తర్వాత వెనక సీటులో వెల్లకిలా పడుకుంది.
గరిటె ఒక కొస పళ్ళ మధ్య,
రెండో కొస కప్పు ఇనుప చట్రం మీద.
గంటకి ముప్పై దాటొద్దని, నోరు మెదపొద్దని,
ఆపాలంటే సీటుని తంతానని చెప్పింది.

చర్చి వెనక వీధిలో అటు ఏడుసార్లు, ఇటు ఏడుసార్లు.
అద్దంలో నాకు బూట్లు మాత్రం కనబడుతున్నాయి.
చేపలమ్మే ఉల్లా మొదటిసారి చెయ్యూపింది,
నాలుగోసారి టోపీ తీసి గుండెకి ఆనించుకుంది.

తన్నింది: సీటుబెల్టు బకిలు. ఉన్నిగుడ్డ ముక్క చుట్టింది.
తన్నింది: కప్పు కొక్కెం. రొట్టెకి రాసినంత గ్రీజు.
ఎండిపోయిన రబ్బరు అంచులు అద్దాన్ని గీరుతున్నాయి,
పసిపాపకి స్నానమయ్యాక అద్దినట్టు
మడత మడతలో పౌడరు.

ఒకటి ఊరుకుంటే దాని వెనకది బయటపడుతుంది.
పెద్ద నోరు మూతపడ్డాక
ఇన్నాళ్ళూ అక్కడే ఉన్న చిన్న నోరు.
మా అపార్ట్‌మెంటు సంఘం మీటింగూ ఇంతే.

మూడో రోజుకి ఒక్కటే మిగిలింది.
సన్నటి కీచు,
దోమ ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.
"అదుగో!" అన్నాను. తన్ను పడలేదు.
"అదుగో, మళ్ళీ!"
బండి ఆపి తిరిగి చూశాను.
గరిటె నోట్లోంచి తీసింది.
"ఆ ఎత్తున నాకేమీ లేదు.
రివెట్ల తుపాకీ తినేసింది.
పక్షుల్లో బాతూ కాకీ మిగిలాయి.
నువ్వు చెవి పెట్టు, నేను చెయ్యి పెడతాను."

రాత్రి పదకొండు. వెలుతురు ఇంటికి పోనంటోంది.
నేను చెబుతున్నాను: పైకి, ఇంకా వెనక్కి, కాదు, ఆ పక్క.
ఆమె వేళ్ళు చట్రం మీద నాడి వెతుకుతున్నాయి.
మూడో మడతబందు దగ్గర ఆగాయి.
ఒక చుక్క నూనె, కాసేపు ఓపిక.

మళ్ళీ వీధి. రాళ్ళు. గాలి.
కీచు ఉంది. వెంట్రుకవాసి తగ్గి, ఉంది.
డెబ్బై ఏళ్ళ నడుముని ఇంకోసారి పడుకోబెట్టలేక
అద్దంలోకి చూసి గట్టిగా తలూపాను,
బొటనవేలు కూడా ఎత్తాను.

ఆమె చూపుడువేలు ఇంకా బందు మీదే ఉంది.
నా ముఖం చూసింది, వేలిని చూసింది.
"అబద్ధం" అంది,
గరిటె పళ్ళ మధ్య పెట్టుకుంటూ.
"తిప్పు బండి."